అట్టపెట్టెల కూరలు: టోక్యో చుట్టుపక్కల ఒక రుచి యాత్ర

సోమవారం, ఇకెబుకురో

ఇకెబుకురో స్టేషనును ఆనుకుని ఉన్న తోబు డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో కితానో ఏస్ అనే సరుకుల దుకాణం ఉంది. వండి సిద్ధంగా ఉంచిన కూరల పెట్టెలను ఇక్కడ ఒకదానిమీద ఒకటి పేర్చరు. గ్రంథాలయపు బీరువాలో లాగా వాటిని నిలబెట్టి, సన్నని అంచు మాత్రమే బయటికి కనిపించేలా వరుసగా అమర్చుతారు. కావలసిన ఊరి పేరో, మాంసం పేరో అంచు మీద చదువుకుని పెట్టెను బయటికి లాగాలి. జపనీస్ చదవడం రాని నేను చేతికి అందిన ప్రతి పెట్టెనూ లాగి, ముందరి బొమ్మ చూసి మళ్ళీ లోపలికి తోస్తూ ఉండగా, ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వచ్చిన మా పిన్ని కొడుకు నా చేతిలోని పెట్టెను తిప్పి, వెనకవైపు ఉన్న చిన్న అక్షరాలను ఫోనులో చదివించాడు. "అక్కా, బొమ్మలో రొయ్యలున్నాయి గానీ, వేయించింది మాత్రం గొడ్డు కొవ్వుతో" అన్నాడు.

మా ముగ్గురి హద్దులూ మూడు రకాలు. తమ్ముడు ఏదైనా తింటాడు. నేను గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టను. మరదలు శుద్ధ శాకాహారి. ఇలాంటి ఇంటికి జపాను కూరల పెట్టెలు పెద్ద చిక్కే తెచ్చిపెడతాయి. గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య వంటి కొన్ని పదార్థాలు ఉంటే ఆ మాట పెట్టె మీద తప్పనిసరిగా చెప్పాలని అక్కడి చట్టం. గొడ్డుమాంసం, పందిమాంసం, కోడిమాంసం మాత్రం చెబితే మంచిదనే రెండో జాబితాలో ఉన్నాయి. చాలా కంపెనీలు వాటినీ అచ్చువేస్తున్నాయి కాబట్టి సరిపోయింది. కూరగాయల బొమ్మ ఉన్నంత మాత్రాన అది శాకాహారం అనుకోవడానికి లేదు, ఎందుకంటే గ్రేవీకి చిక్కదనం తెచ్చేది కొవ్వులో వేయించిన గోధుమపిండే.

ఈ వ్యాపారమంతా ఒక పెట్టెతో మొదలైంది. 1968 ఫిబ్రవరి 12న ఒత్సుకా ఆహార సంస్థ 'బోన్ కర్రీ'ని ఒసాకా, కోబే ప్రాంతంలో 80 యెన్లకు అమ్మకానికి పెట్టింది. ప్రపంచంలో సామాన్య వినియోగదారుల కోసం వచ్చిన మొట్టమొదటి రిటార్ట్ కూర అదేనని చెబుతారు. రిటార్ట్ అంటే కూరను సంచిలో పోసి మూతి అతికించిన తరువాత, ఒత్తిడి కలిగిన పాత్రలో పెట్టి సంచితో సహా ఉడికించడం. సంచి నడిమి భాగానికి కూడా 120 డిగ్రీల వేడి నాలుగు నిమిషాలపాటు, లేదా దానికి సమానమైన మోతాదులో, తగిలితే డబ్బా ఆహారాన్ని విషంగా మార్చే సూక్ష్మజీవి బీజాలు సైతం చచ్చిపోతాయి. అప్పుడు నిలవ మందులు అక్కరలేదు, ఫ్రిజ్ అక్కరలేదు. సెలైన్ సీసాలు తయారుచేసే ఒత్సుకా వర్గానికి ఈ క్రిమిరహితం చేసే పని ముందే తెలుసు. మొదటి సంచులు పారదర్శకంగా ఉండి గాలినీ వెలుతురునీ పూర్తిగా ఆపలేకపోవడంతో, మరుసటి ఏడాది అల్యూమినియం పొర ఉన్న సంచితో దేశమంతటా విడుదల చేశారు.

ఆ రాత్రి నిషి కసాయిలోని తమ్ముడి ఇంట్లో మొదట తెరిచింది గ్లికో కంపెనీవారి 'లీ', కారం 20 రెట్లు అని గర్వంగా రాసుకున్న బీఫ్ కూర. తినే వంతు తమ్ముడిది, చూసే వంతు నాది. మొదటి ముద్దకు "తియ్యగా ఉందే" అన్నాడు. మూడో ముద్దకు చెవులు ఎర్రబడ్డాయి. మన కారం నాలుక మీద పడగానే పలుకుతుంది, ఇది మాత్రం తీపి వెనక దాక్కుని ఆలస్యంగా వచ్చి గొంతులో కూర్చుంటుందని అతని తీర్పు.

మంగళవారం, యురాకుచో, గింజా, షింబషి

జపానులో అనేక రాష్ట్రాలు తమ సరుకులు అమ్ముకోవడానికి రాజధానిలో సొంత దుకాణాలు పెట్టుకున్నాయి. మారుమూల పట్టణాల వింత కూరలన్నీ ఇక్కడికే చేరతాయి కాబట్టి, దేశమంతా తిరగలేని నాలాంటి వాళ్ళకు ఒక రోజు నడకతో పని జరిగిపోతుంది. యురాకుచో స్టేషను ఎదుట కోత్సూ కైకాన్ భవనంలో హొక్కైదో వారి దొసాంకో ప్లాజా ఉంది, గింజాలో హిరోషిమా వారి 'తౌ' ఉంది, షింబషిలో తొత్తోరి, ఒకయామా రాష్ట్రాలు కలిసి నడిపే దుకాణం ఉంది. నేను ఈ వరుసలోనే తిరిగాను.

హొక్కైదో కూరల్లో దుప్పిమాంసం కూర ప్రసిద్ధం. అక్కడి ఎజో జాతి దుప్పులు విపరీతంగా పెరిగి పంటలనూ అడవులనూ నమిలేస్తుండడంతో ప్రభుత్వమే వేటను ప్రోత్సహిస్తోంది, అలా వేటాడిన మాంసంలో కొంత ఇలా సంచుల్లోకి వస్తోంది. ఎలుగుబంటి కూర, వలలు చింపేసే సముద్ర సింహం కూర కూడా ఆ ద్వీపపు జ్ఞాపిక దుకాణాల్లో దొరుకుతాయి. పైకి చూస్తే ఇవన్నీ పర్యాటకులను ఆకట్టుకునే చమత్కారాలుగానే కనిపిస్తాయి గానీ, చాలావాటి వెనక పంటదో వేటదో ఒక మిగులు ఉంటుంది. హిరోషిమా గుల్లల, అంటే ఆల్చిప్పల, కూర చూడండి. జపానులో పెంచే ఆల్చిప్పల్లో సగానికి పైగా ఆ ఒక్క రాష్ట్రానివే. ఆకారం బాగాలేని పండు, గిరాకీ తగ్గిన మాంసం, రేవులో ఎక్కువైన చేప, ఏది మిగిలినా కూరలో వేస్తే కొన్ని నెలలూ ఏళ్ళూ నిలవ ఉండే సరుకు అవుతుంది. తక్కువ మోతాదులో చేయించుకోవచ్చు, శీతల గిడ్డంగి అక్కరలేదు, పైన ఊరి బొమ్మ వేస్తే చాలు. ప్రతి ఊరికీ ఒక కూర ఉండడానికి ఇదే కారణమని నాకు తోచింది.

అయితే ఈ పద్ధతిని ఇంత సులువు చేసిన గుణమే దీనికి లోపం కూడా. కూర దేన్నైనా తనలో కలిపేసుకుంటుంది. గోధుమపిండి, కొవ్వు, ఉల్లి, తీపి కలిసిన ఆ గోధుమరంగు గ్రేవీ ముందు దుప్పి ఏమిటి, గొర్రె ఏమిటి? సాయంత్రం తమ్ముడు దుప్పి కూర తిని, పెట్టె మీది బొమ్మ చూడకపోయి ఉంటే కాస్త గట్టి మాంసం అనుకునేవాడినని ఒప్పుకున్నాడు. కొవ్వుల జాబితా చూసి నేను ఏరుకున్న గుల్లల కూర మాత్రం ఆ పరీక్షలో నెగ్గింది. గుల్లలు చిన్నగా ముడుచుకుపోయినా, వాటి ఉప్పు, సముద్రపు చేదు గ్రేవీ అంతటికీ పట్టి, మసాలాను వెనక్కి నెట్టాయి. లోపల వేసిన వస్తువు కూరకన్నా బలమైనదైతేనే ఈ ఊరి కూరలకు అర్థం ఉంటుంది.

తొత్తోరి దుకాణంలో కొన్నది అన్నిటికన్నా వింతది. రాజవంశపు స్త్రీల తేనీటి విందుకు తగినట్టు అలంకరించిన పెట్టెలో గులాబీ రంగు కూర. ఆ రంగు బీట్‌రూట్‌ది. తెల్లని పళ్ళెంలో, తెల్లని అన్నం పక్కన పోసినప్పుడు మరదలు చాలాసేపు ఫోటోలు తీసింది. తమ్ముడు కళ్ళు మూసుకుని తిని, మెత్తని వెన్న కూర అన్నాడు. కళ్ళు తెరిచి తింటే నాలుక స్ట్రాబెర్రీ కోసం వెతుకుతోందట. తొత్తోరి నగరం, నీళ్ళలో కరిగించి కూర చేసుకునే బిళ్ళల కొనుగోలులో తరచూ దేశంలోనే ముందు వరుసలో ఉంటుంది, కూర పక్కన నంజుకునే రక్క్యో అనే చిన్న ఉల్లిజాతి గడ్డలు అక్కడి ఇసుక నేలల్లో పండుతాయి. ఆ రక్క్యో ఊరగాయ సీసా ఒకటి కొన్నాను, దానితో తింటే ఎంత తియ్యని కూరైనా దారికి వస్తుంది.

బుధవారం, షింజుకు

నకమురయా ఇప్పుడు షింజుకు స్టేషను దగ్గర ఎత్తయిన భవనం. అందులో నేలమాళిగలోని 'మన్నా' అనే భోజనశాలలో ఇప్పటికీ 1927 నాటి ఇండో కర్రీ వడ్డిస్తారు. అదే కూర రిటార్ట్ సంచిలో మామూలు సూపర్‌మార్కెట్లలోనూ దొరుకుతుంది కాబట్టి, రెండింటినీ ఒకే రోజు తిని పోల్చాలని ముందే అనుకున్నాను.

దీని వెనక రాష్ బిహారీ బోస్ ఉన్నాడు. 1912లో ఢిల్లీలో వైస్రాయి హార్డింజ్ మీద జరిగిన బాంబు దాడికి సూత్రధారిగా బ్రిటిష్‌వారు వెతుకుతుండగా, ఆయన 1915లో జపానుకు తప్పించుకువచ్చాడు. దేశం విడిచి పొమ్మని ప్రభుత్వం ఆదేశించినప్పుడు, నకమురయా రొట్టెల దుకాణం నడుపుతున్న సోమా ఐజో, కొక్కో దంపతులు తమ ఆవరణలో ఆయనను దాచారు. 1918లో వారి కుమార్తె తోషికోను ఆయన వివాహం చేసుకున్నాడు. ఆమె 1925లో చిన్న వయసులోనే కన్నుమూసింది. రెండేళ్ళ తరువాత దుకాణంలో భోజనశాల తెరుస్తున్నప్పుడు, పిండితో చిక్కబరిచిన ఆంగ్లేయుల తరహా కూర కాకుండా తన దేశపు అసలు కూర పెట్టాలని బోస్ పట్టుబట్టాడు. ఊళ్ళో మామూలు రైస్ కర్రీ 10, 12 సెన్లకు (సెన్ అంటే యెన్‌లో నూరోవంతు) దొరుకుతున్న రోజుల్లో దీని ధర 80 సెన్లు, అయినా జనం వచ్చారు. ఇండియన్ నేషనల్ ఆర్మీ చరిత్రలో ఆయన పేరు మనం చదువుకున్నాం గానీ, టోక్యో మధ్యతరగతి ఆయనను ముందుగా గుర్తుపెట్టుకున్నది కూరతోనే.

భోజనశాలలో కూర ఒక గిన్నెలో, అన్నం వేరుగా పళ్ళెంలో వచ్చాయి. కోడిముక్క ఎముకతోనే ఉంది. గ్రేవీలో పిండి జిగురు లేదు, పెరుగు, ఉల్లి, యాలకుల వాసన ఉంది. బెంగాలీలు తమ ఇంటి కూరగా గుర్తిస్తారో లేదో చెప్పలేను గానీ, భారతదేశంలో పుట్టిన కూరని మాత్రం ఎవరైనా అంటారు. రాత్రి సంచి కూర వేడిచేసి తిన్నాం. మసాలా నిలిచింది. మాంసం నూలుపోగుల్లా విడిపోయింది, యాలకుల పరిమళం మాత్రం పోయింది. 120 డిగ్రీల్లో ఉడికిన దేనికైనా జరిగేది అదే, ముందు పోయేది వాసన.

గురువారం, యొకొహామా

మినాతో మిరాయి ప్రాంతంలోని కప్ నూడుల్స్ మ్యూజియం 2011 సెప్టెంబరులో తెరిచారు. మొమొఫుకు అందో 1958లో చికెన్ రామెన్ అనే ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను కనిపెట్టిన చెక్కపాక నమూనా అందులో ఉంది. పిండి జల్లెడ, నూనె బాణలి, ఒక సాధారణ సైకిలు, అంతే సామగ్రి. నూడుల్స్‌ను నూనెలో వేయిస్తే లోపలి నీరు ఆవిరై బయటికి పోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి, తరువాత వేడినీళ్ళు పోస్తే ఆ రంధ్రాల్లోంచే నీరు మళ్ళీ లోపలికి దూరుతుంది. ఈ సూత్రం మన దేశానికి 1988 తరువాత టాప్ రామెన్ రూపంలో వచ్చింది. మా కాలేజీ హాస్టలు గదుల్లో ఎలక్ట్రిక్ కెటిల్ నిషేధించడానికి కారణమైన వాటిలో అదీ ఒకటి.

పై అంతస్తులో ఎవరి కప్పు వాళ్ళు తయారుచేసుకోవచ్చు. ఖాళీ కప్పు మీద రంగు పెన్నులతో బొమ్మ వేసుకుని, నాలుగు సూపుల్లో ఒకటి, పన్నెండు పైపదార్థాల్లో నాలుగు ఎంచుకోవాలి. మొత్తం 5,460 కలయికలు వస్తాయని అక్కడి లెక్క. ఇక్కడ నేను చాలాసేపు నిలబడి చూసింది ఒక చిన్న యంత్రం. నూడుల్స్ ముద్ద పైకి వచ్చేలా బిగించి, దాని మీద కప్పును బోర్లించి, మన చేతే చక్రం తిప్పిస్తారు. తిప్పుతుంటే కప్పు నెమ్మదిగా తిరగబడి నిటారుగా నిలుస్తుంది, ముద్ద అడుగుకు జారకుండా కప్పు నడుమ బిగుసుకుని ఉండిపోతుంది. అడుగున ఖాళీ ఉంటే వేడినీళ్ళు కింది నుంచీ పని చేస్తాయి, నూడుల్స్ దారిలో విరగవు. ముద్దను కప్పులోకి దించబోతే ఒరిగిపోతోందని, కప్పునే ముద్ద మీదికి దించాలన్న ఆలోచన అందోకు వచ్చిందట.

సూపుల్లో మాంసపు సారం ఉంటుందని తెలిసి మరదలు తన కప్పును తినే ఉద్దేశంతో కాక, దాని మీద చుక్కల ముగ్గు వేసి, గాలి నింపిన సంచితో సహా దాచుకుంది. పక్క బల్ల దగ్గరి జపనీస్ పాప ఆ ముగ్గును చూసి తన కప్పు మీద కూడా చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. నేను కర్రీ సూపు ఎంచుకున్నాను. అది తొలిసారి 1973లో వచ్చింది. రామెన్ సూపులా పలచగా కాక, అన్నంలో కలుపుకునే కూరంత చిక్కగా ఉంటుంది. బాగుంది, కానీ అక్కడ కూడా గోధుమరంగు గ్రేవీదే రాజ్యం.

శుక్రవారం, యొకొసుకా

శుక్రవారమే వెళ్ళడానికి కారణం ఉంది. జపాను నావికా దళంలో శుక్రవారం మధ్యాహ్నం కూర అన్నం పెట్టే ఆనవాయితీ ఇప్పటికీ కొనసాగుతోంది. సముద్రంలో వారం లెక్క తప్పకుండా ఉండేందుకేనని దానికి చెప్పే కారణం. 1880ల్లో నావికులను బెరిబెరి పీడిస్తుండగా, నౌకా వైద్యుడు తకాకి కనెహిరో తెల్ల అన్నం మీదే ఆధారపడిన ఆహారం మార్చాలని గుర్తించాడు. 1882లో బయలుదేరిన ర్యూజో నౌకలో 376 మందికి 169 మంది జబ్బుపడి, 25 మంది చనిపోయారు. ఆహారం మార్చి పంపిన త్సుకుబా నౌకలో ఆ జబ్బుతో ఎవరూ చనిపోలేదు. మాంసం, కూరగాయలు, గోధుమపిండి ఒకే పాత్రలో వండగలిగే కూర ఆ మారిన భోజనానికి బాగా ఒదిగింది. 1908 నాటి నౌకాదళ వంట పుస్తకంలో ఆ విధానం ఉంది, దాన్ని పట్టుకునే యొకొసుకా 1999లో తనను కూరల పట్టణంగా ప్రకటించుకుంది.

ఇక్కడ కూరతో పాటు ఒక గ్లాసు పాలు, సలాడ్ తప్పనిసరి. పుస్తకం గొడ్డుమాంసం గానీ కోడిమాంసం గానీ వెయ్యమంటుంది కాబట్టి నాకు కోడి దొరికింది. కారం లేదు. ఇందులో దాచడానికీ ఏమీ లేదు, ఇదే ఆ గోధుమరంగు గ్రేవీకి పుట్టిల్లు. మరదలు పాలు, సలాడ్ తీసుకుని, "వదినా, ఇక్కడ నా భోజనమే మీకన్నా చరిత్రకు దగ్గరగా ఉంది" అంది. మికాసా యుద్ధనౌక ఉన్న పార్కులో కాసేపు తిరిగి, సంచి కూర కొనకుండానే రైలెక్కాం.

శనివారం, అమెయొకో

ఉయెనో దగ్గరి అమెయొకో బజారులో నికి నో కాషి అనే పెద్ద తినుబండారాల దుకాణం ఉంది. కూరల్లో వస్తువు ఉండి రుచి కనబడదు. చిరుతిళ్ళలో వస్తువు ఉండదు, రుచి మాత్రం పొడిగా మారి పైన చల్లబడి ఉంటుంది. ఈ తేడా ఇక్కడికి వచ్చాకే నాకు స్పష్టమైంది.

ఉమాయిబో అనే మొక్కజొన్న పొంగు గొట్టం 1979లో వచ్చింది. నాలుగు దశాబ్దాలకు పైగా 10 యెన్ల ధర కదలలేదు. 2022 ఏప్రిల్‌లో 12 యెన్లు చేసినప్పుడు అది దేశవ్యాప్త వార్త అయింది, 2024 అక్టోబరులో 15 అయింది. మొక్కజొన్న సూపు రుచి, కారంచేప గుడ్ల రుచి, పులిసిన సోయా గింజల నత్తో రుచి, అన్నిటికీ గొట్టం ఒకటే. నత్తో గొట్టం విరవగానే బల్ల చుట్టూ అందరూ తలలు వెనక్కి లాగారు. అసలు నత్తో తినలేని నేను దీన్ని మాత్రం సగం తినగలిగాను.

గొర్రెమాంసపు వేపుడు రుచి గల హొక్కైదో జింగిస్‌కాన్ క్యారమెల్ గురించి ఎక్కువ చెప్పను. వెల్లుల్లి, సోయా, ఉల్లి, వాటి మధ్య కరగని పంచదార. చెత్తబుట్ట దగ్గరికి అందరికన్నా ముందు నడిచింది ఏదైనా తింటానన్న తమ్ముడే.

'నెరు నెరు నెరునే' 1986 నుంచి పిల్లల చేత తయారుచేయిస్తున్న మిఠాయి, ఇప్పుడు క్రాసీ కంపెనీది. చిన్న ప్లాస్టిక్ పళ్ళెంలో మొదటి పొడికి నీళ్ళు కలిపితే నీలిరంగు వచ్చింది. రెండో పొడి వేసి పుల్లతో తిప్పుతుంటే రంగు ఊదాకు మారి, ముద్ద నురగలా పొంగి రెట్టింపయింది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడినట్టే, రంగు పదార్థానికి ఆమ్లం తగిలి ఊదాకు తిరుగుతుంది. అదే ఆమ్లం వంటసోడాతో కలిసి బుడగలు పుట్టిస్తుంది, కోడిగుడ్డు తెల్లసొన పొడి ఆ బుడగలను పగలనివ్వదు. రుచి మామూలు ద్రాక్ష మిఠాయిదే. అయినా నేను చూసిన వింత సరుకుల్లో ఇది నిజాయితీగలది. వింత నాలుక మీద ఉందని చెప్పదు, చేతిలో ఉందని చూపిస్తుంది.

కమెదా వారి కాకి నో తానె, అంటే సోయా కారం పట్టించిన చిన్న బియ్యపు పలుకులు, వేరుశనగలు, ఇంట్లో అందరికీ నచ్చింది. 2020లో ప్రజల ఓటు తీసుకుని పలుకులు, వేరుశనగల పాళ్ళను 6:4 నుంచి 7:3కి మార్చిన కంపెనీ ఇది. మన దేశంలో దావత్ బియ్యం సంస్థతో కలిసి తెచ్చిన 'కరి కరి' దీని తోబుట్టువే. 2022లో భారతదేశంలో పుట్టిన లేఖ్ రాజ్ జునేజా ఆ కంపెనీ అధిపతి అయ్యారు. మిక్స్చర్ తిని పెరిగిన వాళ్ళకు దీనికి అలవాటు పడాల్సిన అవసరమే ఉండదు.

ఆదివారం, నిషి కసాయి

మరదలు వారమంతా ఎదురుచూసిన రోజు ఇది. మియాగి రాష్ట్రంలోని ఇవనుమా పట్టణంలో ఉన్న నిషికియా కిచెన్ సంస్థ రిటార్ట్ కూరలే ప్రత్యేకంగా చేస్తుంది. అందులో సాంబారు, రసం కూడా ఉన్నాయి. పెట్టె మీది పదార్థాలను ఆమె స్వయంగా రెండుసార్లు చదివి, సరేనన్నాక స్టవ్ మీద నీళ్ళు పెట్టాం. ఈ వీధుల్లో దక్షిణాది హోటళ్ళకు కొదవ లేదు, భారతీయ సరుకుల దుకాణంలో చింతపండు, కరివేపాకు దొరుకుతాయి. అయినా జపాను ఈశాన్యంలోని ఒక ఊరు చారు ఎలా పెడుతుందో చూడాలన్న కుతూహలం మాకందరికీ ఉంది.

సంచి కత్తిరించి గిన్నెలో పోసినప్పుడు చారు కన్నా కాస్త చిక్కగా పడింది. పులుపు సరిగ్గా ఉంది, మిరియాల ఘాటు గొంతు దాకా వచ్చింది. మొహమాటం లేకుండా చేశారు, ఎవరి నాలుకకో భయపడి తీపి కలపలేదు. అన్నీ ఉన్నాయి గానీ తిరగమోత వాసన లేదు. ఆ లోపం వంటవాళ్ళది కాదు, రిటార్ట్ వేడిది. మరదలు మాట్లాడకుండా చిన్న గరిటెలో నెయ్యి కాచి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేసి చిటపటలాడించి ఆ గిన్నెలో పోసింది. తరువాత గిన్నెలో ఏమీ మిగలలేదు. వారమంతా తిన్న పెట్టెల్లో తమ్ముడు రెండోసారి అడిగింది ఇదొక్కటే.

సాంబారు అంతగా నచ్చలేదు, ముక్కలు మరీ మెత్తబడ్డాయి.

సోమవారం, నరితా

సంచి కూరలను విమానాశ్రయంలో ద్రవపదార్థాలుగా లెక్కిస్తారు కాబట్టి చేతిసంచిలో పెట్టుకుంటే భద్రతా తనిఖీ దగ్గర వదిలేయాల్సిందే. అన్నిటినీ పెద్ద పెట్టెలో సర్దాను. రసం సంచులు, కాకి నో తానె, కప్పు నూడుల్స్ వెళ్ళాయి. మిగిలిన గులాబీ కూర, క్యారమెల్ పొట్లం తమ్ముడి వంటింటి అరలోనే ఉన్నాయి. వాటిని ఆఫీసులో పంచుతానని అతను మాట ఇచ్చాడు.